మామిడాకు కాదు, ఫెర్నూ కాదు

మా కాకా ముప్పై ఏళ్ళు బెల్లంపల్లి, మందమర్రి వైపు బొగ్గుబాయిల్లో పనిచేసి, రిటైరయ్యాక నిర్మల్‌లో ఇల్లు కట్టుకున్నారు. వాళ్ళింట్లో టీవీ పక్కన రెండు వస్తువులుంటాయి. ఒకటి పొనికి కర్రతో చేసిన నిర్మల్ చిలక. రెండోది అరచెయ్యంత నల్ల రాయి, దాని మీద ఒక ఆకు అచ్చు. మొన్న దసరాకి పోయినప్పుడు ఆ రాయి చేతిలోకి తీసుకుని "కాకా, ఇదేం ఆకు?" అని అడిగా. "బాయిల దొరికింది బిడ్డా, బొగ్గు మీది పొరల. మామిడాకు రాయైంది" అన్నారు. పిన్ని కాదంది, బాదమాకట. ఇంట్లో ఇంజినీరింగ్ చదివినోణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి తీర్పు నా మీద పడింది. సాఫ్ట్‌వేర్ వాడికి ఆకుల గురించి ఏం తెలుసని అడిగేవాళ్ళు మా ఇంట్లో లేరు లెండి :)

నిజంగానే మామిడాకులా ఉంటుంది అది. పొడవుగా, అంచులు ఎక్కడా గాట్లు లేకుండా నున్నగా, మధ్యలో గట్టి ఈనె. మీరు చూసినా అదే అంటారు. కానీ ఆ ఆకు రాలినప్పుడు భూమ్మీద మామిడి చెట్టు లేదు, బాదం లేదు, అసలు పువ్వు పూసే చెట్టన్నదే లేదు. ఆ పొరల వయసు ఇరవై ఐదు కోట్ల ఏళ్ళ పైమాటే. పూల మొక్కల ఖాయమైన శిలాజాలు కనిపించడం మొదలయ్యేది పదమూడు కోట్ల ఏళ్ళ దగ్గర్లో.

ఆ ఆకు పేరు గ్లాసోప్టెరిస్. ఇది జీనస్ పేరు, మన తెలుగు మీడియం పుస్తకాల్లో "ప్రజాతి" అని ఉండేది. ఆ పేరు ఎలా పెట్టారు, పెట్టాక దాదాపు నూట యాభై ఏళ్ళ పాటు పెద్ద పెద్ద వాళ్ళు దాని గురించి ఎన్నిసార్లు పప్పులో కాలేశారు అన్నది మన ఉద్యోగాల్లో వచ్చే కష్టాలకి బాగా దగ్గరగా ఉందనిపించి రాస్తున్నా.

ముందు ఆకుని ఎలా గుర్తుపడతారో చూద్దాం. ఆకారం చూసి ఎవరూ తేల్చరు. ఆకారం నమ్మదగ్గది కాదు, ఒకే చెట్టుకి నాలుగు రకాల ఆకులుంటాయి. చూడాల్సింది ఈనెలు. భూతద్దం పెట్టుకుని మామిడాకు చూడండి. నడి ఈనె నుంచి పక్క ఈనెలు దూరదూరంగా బయల్దేరతాయి, వాటి మధ్య వాటికన్నా సన్న ఈనెలు, వాటి మధ్య ఇంకా సన్నవి. హైవే, జిల్లా రోడ్డు, గల్లీ అన్నట్టు వరసలుంటాయి. గ్లాసోప్టెరిస్‌లో ఆ తేడాల్లేవు. నడి ఈనె నుంచి ఒకే మందంలో ఉన్న సన్న ఈనెలు దగ్గరదగ్గరగా బయల్దేరి, వంపు తిరిగి అంచు దాకా పోతాయి. పోతూ పోతూ చీలి, పక్కదానితో కలిసి, మళ్ళీ చీలి, చేపల వలలా సన్నటి గళ్ళు అల్లుతాయి. నడి ఈనె ఉండాలి, వల ఉండాలి. రెండూ ఉంటే గ్లాసోప్టెరిస్.

వల ఉండి నడి ఈనె లేకపోతే? అది గంగామోప్టెరిస్. పేరు వినగానే మన గంగ గుర్తొస్తుంది గానీ దానికీ దీనికీ సంబంధం లేదు, గ్రీకులో గంగామోన్ అంటే చిన్న వల. నడి ఈనె సగం దాకా వచ్చి మాయమైపోయి, పక్క ఈనెలు ఎక్కడా కలవకుండా పోతే పేలియోవిటేరియా. నడి ఈనే లేదు, వలా లేదు, అన్నీ సమాంతరంగా పోతున్నాయంటే నెగరాథియాప్సిస్ దాకా వెళ్ళాలి. ఇఫ్-ఎల్స్ లాగా చక్కగా ఉంది కదా? చక్కగా ఉన్నందుకే అనుమానించాలి. దాని సంగతి తర్వాత.

నిర్మల్ చుట్టుపక్కల తవ్వితే ఈ ఆకు దొరకదు. మా వైపు భూమి చాలావరకు గ్రానైటు జాతి పాత రాళ్ళు, వాటి మీద అక్కడక్కడా దక్కన్ లావా పరిచిన నల్ల రాయి. గ్రానైటులో ఆకు నిలవదు. తూర్పున వంద కిలోమీటర్లు పైగా పోతే, ఆసిఫాబాద్ నుంచి బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరి దాటి రామగుండం, అక్కడి నుంచి భూపాలపల్లి, మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెం దాకా ఒక పొడుగాటి పట్టీ ఉంది. ప్రాణహిత, గోదావరి నదులు ఇప్పుడు పారేది దాదాపు దాని వెంటే. అది ఒకప్పుడు కుంగిన లోయ. అందులో నదులూ చిత్తడి అడవులూ కోట్ల ఏళ్ళ పాటు ఇసుక, బురద, ఆకులు నింపుకుంటూ పోయాయి. ఇసుక ఇసుకరాయి అయింది, బురద షేల్ అయింది, చెట్లు బొగ్గయ్యాయి. 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించిన జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ ఈ లోయ మొత్తం గురించి 1881లో పెద్ద నివేదిక అచ్చేశాడు. సింగరేణి చరిత్ర అక్కణ్ణుంచి మొదలవుతుంది.

ఈ రాళ్ళ వరస మొత్తానికి పెట్టిన పేరు గోండ్వానా. 1872లో హెచ్.బి. మెడ్లికాట్ వాడాడు, 1876లో అచ్చులోకి వచ్చింది. గోండుల నేల అని అర్థం. తర్వాత 1885లో వియన్నాలో ఎడ్వర్డ్ సూస్ అనే ఆయన దక్షిణార్ధగోళంలో ఒకప్పుడు ఉన్న మహాఖండానికి ఇదే పేరు పెట్టాడు. ఉట్నూరు, జోడేఘాట్, కేస్లాపూర్ గోండుల పేరు ఇప్పుడు అంటార్కిటికా దాకా పాకింది. ప్రపంచంలో ఏ జియాలజీ పుస్తకం తెరిచినా ఆ పేరుంటుంది. నాగోబా జాతరకొచ్చే టూరిస్టులకి ఈ ముక్క చెప్పేవాళ్ళు ఒక్కరైనా ఉండుంటే బాగుండేదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

సరే, పేరు దగ్గరికొద్దాం. 1828లో పారిస్‌లో అడాల్ఫ్ బ్రోంనియార్ ముందుకి ఆస్ట్రేలియా నుంచీ, మన బెంగాల్ బొగ్గు ప్రాంతం నుంచీ ఒకే తీరు ఆకు రాళ్ళు వచ్చాయి. అప్పుడాయనకి ఇరవై ఏడేళ్ళు (మనలో చాలామందికి ఆ వయసులో అప్రైజల్ తప్ప వేరే ధ్యాస ఉండదు). రెండు చోట్ల ఆకులూ ఒకటేనని పోల్చాడు. ఇది చిన్న విషయం కాదు, రెండింటి మధ్య ఒక మహాసముద్రం ఉంది. నాలుక ఆకారంలో ఉంది, ఈనెల వల కొన్ని ఫెర్న్ మొక్కల్లో చూసినట్టే ఉంది. గ్రీకులో నాలుకకి గ్లోసా, ఫెర్న్‌కి ప్టెరిస్. కలిపితే గ్లాసోప్టెరిస్, నాలుక ఫెర్న్ అన్నమాట.

ఫెర్న్ అన్నది ఊహ. ఫెర్న్ ఆకు అడుగున సిద్ధబీజాల మచ్చలుంటాయి, ఈ ఆకుల్లో అవి ఖాయంగా ఎవరికీ దొరకలేదు. అయినా పేరులోనే ఫెర్న్ అని ఉండేసరికి తర్వాతి వాళ్ళందరూ అదే దారిన పోయారు. ఒక ఫంక్షన్‌కి మొదట్లో ఎవడో తప్పు పేరు పెట్టి వెళ్ళిపోతాడు, పదేళ్ళ తర్వాత చేరిన వాళ్ళు కూడా ఆ పేరే నమ్మి కోడ్ రాస్తుంటారు చూడండి, సరిగ్గా అలాగే.

దాని ఫలితం వయసు లెక్కలో కనిపించింది. నాగపూర్‌లో స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ ఉండేవాడు. మా నిర్మల్ మీదుగా పోయే హైవే మీదే ఉంది నాగపూర్. ఆయన మతప్రచారం ఎంత చేశాడో గానీ రాళ్ళు మాత్రం తెగ ఏరాడు. కాంఠీ దగ్గర ఆయన ఏరిన ఆకుల్ని 1861లో ఇంగ్లండ్‌లో చార్లెస్ బన్‌బరీ వర్ణించాడు. మన గోదావరి లోయలో కూడా కొన్ని పొరలకి కాంఠీ పేరే వాడతారు. ఆకులు చూస్తే యూరప్‌లో జురాసిక్ కాలపు ఫెర్న్‌లకి దగ్గరగా కనిపించాయి. అందుకని ఈ పొరలూ జురాసిక్ వైపువే అనుకున్నారు. ఆస్ట్రేలియాలోనూ ఇదే గొడవ. బొగ్గు పొరల కిందా మధ్యా దొరికిన సముద్రపు గవ్వలు చూసి రెవరెండ్ క్లార్క్ ఇవి బాగా పాతవి అంటాడు. ఆకులు చూసి ఫ్రెడరిక్ మెకాయ్ కాదు కొత్తవి అంటాడు. ఏళ్ళ తరబడి ఇద్దరూ తగ్గలేదు. మెకాయ్ మామూలు మనిషి కాదు, గంగామోప్టెరిస్‌కి పేరు పెట్టింది ఆయనే.

ఇక ఓటకార్ ఫైస్ట్‌మాంటెల్. బొహీమియా వాడు. 1875లో కలకత్తా వచ్చి జియలాజికల్ సర్వేలో చేరి, 1883 దాకా ఉండి, గోండ్వానా శిలాజ మొక్కల మీద లావాటి సంపుటాలు రాశాడు. నలభై రెండేళ్ళకే చనిపోయాడు. ఇప్పటికీ మన దేశంలో ఈ ఆకుల మీద పనిచేసేవాళ్ళు ఆయన బొమ్మల ప్లేట్లు తిరగేయక తప్పదు. అంత చూసినాయన కూడా యూరప్ మొక్కలతో పోలిక పట్టుకుని దామోదర్ బొగ్గు పొరల్ని ట్రయాసిక్ వైపు లాగాడు. అదే ఆఫీసులోని బ్లాన్‌ఫర్డ్ ఒప్పుకోలేదు. ఆకు పోలికని బట్టి ఖండాల మధ్య వయసు అంటగట్టడం కుదరదని వాదించాడు.

తీర్పు ఆకుల నుంచి రాలేదు. 1902లో కాశ్మీర్‌లో, శ్రీనగర్ దగ్గర్లో, నోట్లింగ్ అనే ఆయనకి గంగామోప్టెరిస్ ఆకులున్న పొరలు దొరికాయి. వాటి పైన పెర్మియన్ కాలపు సముద్ర జీవుల పొర ఉంది. పైనున్న పొరే పెర్మియన్ అయితే కింద ఉన్నది జురాసిక్ ఎట్లా అవుతుంది? అంతే, కథ ముగిసింది. తేడా చిన్నదేం కాదు, పెర్మియన్ ముగిసి అయిదు కోట్ల ఏళ్ళు గడిచాక గానీ జురాసిక్ మొదలవదు.

నాకు ఈ కథలో బాగా నచ్చిన ముక్క ఇదే. ఫెర్న్‌లా ఉంది అన్నది ఒక పోలిక. ఫెర్న్ అనేది ఒక చుట్టరికం. పోలిక వేరు, చుట్టరికం వేరు. మనూళ్ళల్లో ఎవరో దారిన పోయేవాణ్ణి చూసి "అచ్చం మీ మేనమామ లెక్కున్నడు" అంటారు, అంతమాత్రాన ఆస్తిలో వాటా రాయరు కదా.

పోలిక ఎంత మోసం చేస్తుందో చెప్పడానికి ఇంకో మనిషి ఉన్నాడు. 1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తున్న స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఆగింది. అమండ్‌సెన్ తమకన్నా ముందే చేరిపోయాడని తెలిసిన మనుషులు, తిండి తక్కువ, ఒళ్ళు చచ్చుబడుతోంది. ఆ స్థితిలో డాక్టర్ ఎడ్వర్డ్ విల్సన్ బొగ్గు చారలున్న రాళ్ళలో ఆకు అచ్చులు చూసి ఏరాడు. బీచ్ చెట్టు ఆకుల్లా ఉన్నాయని డైరీలో రాసుకున్నాడు. బీచ్ అంటే పూల మొక్క. కాకా మామిడి అన్నట్టే ఆయన బీచ్ అన్నాడు, తనకి తెలిసిన చెట్టు పేరు చెప్పాడు. మార్చి చివరికి అందరూ పోయారు. నవంబరులో గుడారం దొరికినప్పుడు వాళ్ళ దగ్గర దాదాపు పదహారు కిలోల రాళ్ళున్నాయి, చివరిదాకా పారెయ్యలేదు. 1914లో కేంబ్రిడ్జిలో ఆల్బర్ట్ సూవార్డ్ వాటిని చూసి తేల్చాడు: గ్లాసోప్టెరిస్ ఇండికా. అంటార్కిటికా మంచులో దొరికిన ఆకుకి ఇండియా పేరు.

ఒకే ఆకు ఇండియాలో, ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, చివరికి అంటార్కిటికాలో. వెగెనర్ 1915 పుస్తకంలో ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవని చెప్పడానికి వాడుకున్న సాక్ష్యాల్లో ఇదొకటి. ఈ మాట స్కూలు పుస్తకాల్లో కూడా ఉంటుంది. కానీ జీనస్ గుర్తింపు ఇక్కడ ఎందుకు ముఖ్యమో అందులో రాయరు. గ్లాసోప్టెరిస్ నిజంగానే ఫెర్న్ అనుకోండి. ఫెర్న్ సిద్ధబీజాలు దుమ్ములాంటివి, గాలికి ఎంత దూరమైనా పోతాయి. "గాలికి ఎగిరొచ్చాయి, దీనికోసం ఖండాలు కదపాలా" అని ఎవరైనా కొట్టిపారెయ్యొచ్చు. అదే విత్తనం పెట్టే చెట్టయితే, సముద్రాలు దాటి అయిదు ఖండాల్లో అడవులు కట్టిందని చెప్పడం కష్టం. అంటే, ఆకు ఫెర్న్‌దా చెట్టుదా అన్న ప్రశ్న మీద ఇంకా పెద్ద ప్రశ్న బరువు మోపి ఉంది.

దాని జవాబు ముక్కలు ముక్కలుగా వచ్చింది. బొగ్గు పొరల్లో ఆకులతో పాటు వెన్నుపూసల దండలాంటి అచ్చులు దొరికేవి. 1830ల్లో రాయల్ అనే ఆయన వాటికి వర్టెబ్రేరియా అని పేరు పెట్టాడు. వేరే మొక్క అనుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అవి గ్లాసోప్టెరిస్‌తో కలిసే ఉన్నాయని ఫ్రాన్స్‌లో జైలర్ చూపించాడు. అది వేరు అని, మధ్యలో గాలి గదులుండటం వల్ల అలా కనిపిస్తుందని పూర్తిగా తేలేసరికి 1970లు వచ్చాయి. గాలి గదులు బురదలో నిలబడే చెట్టు లక్షణం. 1952లో దక్షిణాఫ్రికాలో ఎడ్నా ప్లమ్‌స్టెడ్, వెరీనిగింగ్ దగ్గర దొరికిన ఆకుల మీద అతుక్కుని ఉన్న కాయల్లాంటి భాగాల్ని వర్ణించింది. అతుక్కుని అన్నదే కీలకం, పక్కన పడి ఉండటం కాదు. ఆమె వాటిని పూల మొక్కలకి దగ్గర చేసి చెప్పిన వ్యాఖ్యానాన్ని చాలామంది ఒప్పుకోలేదు గానీ కాయలు మాత్రం కాయలే. 1977లో గోల్డ్, డెలివోరియాస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి, రాయిగా మారినా కణాలు చెదరని నమూనాల్లో విత్తనాలే చూపించారు. బ్రోంనియార్ పేరు పెట్టిన నూట నలభై తొమ్మిదేళ్ళకి! 2003లో ఆ క్వీన్స్‌లాండ్ నమూనాల్లోనే ఈదే శుక్రకణాలు కూడా కనిపించాయని నేచర్ పత్రికలో వచ్చింది, ఇప్పటి సైకస్, గింకోల్లో లాగా. అంటే వివృతబీజం. ఫెర్న్ కాదు, చెట్టు. దాని కాండంలో వార్షిక వలయాలున్నాయి. ఆకులు పొరలు పొరలుగా పరుచుకుని దొరుకుతాయి కాబట్టి చాలావరకు ఏటా ఆకు రాల్చేదని అనుకుంటున్నారు. మరి పేరు మార్చారా? లేదు. వృక్షశాస్త్ర నియమాల్లో మొదట పెట్టిన పేరుకే హక్కు. అర్థం తప్పయినా పేరు నిలుస్తుంది. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అంటే ఇది :)

ఇంకో సంగతి. ఇప్పుడు ఆ ఒక్క చెట్టుకి పేర్లెన్నో చూడండి. ఆకు గ్లాసోప్టెరిస్, వేరు వర్టెబ్రేరియా, పుప్పొడి భాగం ఎరెట్మోనియా, విత్తనాల భాగం ఒట్టోకేరియా లేదా స్కూటమ్, కాండం కర్ర అరౌకేరియాక్సిలాన్. (ఒట్టోకేరియా మన ఓటకార్ ఫైస్ట్‌మాంటెల్ పేరే, 1902లో జైలర్ పెట్టాడు.) అయిదు టేబుళ్ళు, మధ్యలో ఫారిన్ కీ లేదు. డేటాబేస్ వాళ్ళకి ఇది చూస్తే తల కొట్టుకోవాలనిపిస్తుంది. కానీ ఇది తెలిసి చేసిన ఏర్పాటు. ఈ ఆకూ ఈ కాయా ఒకే చెట్టువి అని, అతుక్కుని దొరికిన రాయి లేకుండా ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. తెలియని జాయిన్ రాసేకంటే టేబుళ్ళు విడిగా ఉంచడమే నయం. కాబట్టి కాకా రాయి మీద గ్లాసోప్టెరిస్ అని రాస్తే, అది ఆ చెట్టు పేరు కాదు. "నడి ఈనె, వల ఉన్న ఆకు" అన్నంత వరకే హామీ.

ఆ హామీ కూడా ఒక్కోసారి చాలదు. 1969లో ఇదే డెలివోరియాస్, మెక్సికోలో జురాసిక్ పొరల నుంచి గ్లాసోప్టెరిస్ ఆకులు దొరికాయని రాశాడు. ఉత్తరార్ధగోళం, పైగా గ్లాసోప్టెరిస్ అడవులు అంతరించిన ఎన్నో కోట్ల ఏళ్ళ తర్వాత! మనవాళ్ళు డక్ టైపింగ్ అంటారు, బాతులా నడిచి బాతులా అరిస్తే బాతే అని. నడి ఈనె ఉంది, వల ఉంది, మరి కాదనేదెట్లా? 1975లో ఆయనే ఇంకొకరితో కలిసి మళ్ళీ చూసి, అది వేరే మొక్క అని తేల్చి మెక్సిగ్లాసా అని కొత్త జీనస్ పెట్టాడు. నాలుకలాంటి ఆకు, వలలాంటి ఈనెలు ప్రకృతి ఒక్కసారే కనిపెట్టినవి కావు. ఇందాక ఇఫ్-ఎల్స్‌ని అనుమానించాలన్నది ఇందుకే. మన దేశంలో కూడా 1956లో సురంగే, శ్రీవాస్తవ అనే ఇద్దరు లక్నో శాస్త్రవేత్తలు గ్లాసోప్టెరిస్, గంగామోప్టెరిస్, పేలియోవిటేరియా అన్న మూడు గీతల్నీ ఆకు చర్మం ఆధారంగా మళ్ళీ పరీక్షకి పెట్టారు.

ఆకు చర్మం అంటే అవభాసిని, ఆకు పైన మైనపు పొర (బైపీసీ వాళ్ళకి గుర్తుంటుంది). రాయి మీద ఆకు ఉత్త అచ్చుగా మిగిలితే ఏం చెయ్యలేం. కానీ సన్నటి నల్ల బొగ్గు పొరగా మిగిలితే, దాన్ని లేపి నైట్రిక్ ఆసిడ్, పొటాషియం క్లోరేట్ కలిపిన ద్రవంలో నానబెట్టి, తర్వాత క్షారంలో కడిగితే బొగ్గు కరిగిపోయి చర్మం మిగులుతుంది. మైక్రోస్కోపు కింద పెడితే కోట్ల ఏళ్ళ నాటి పత్రరంధ్రాలు, వాటి చుట్టూ కణాలు ఎలా అమరాయో కనిపిస్తాయి. నాకైతే ఇది ఎక్జిక్యూటబుల్ నుంచి సోర్స్ కోడ్ బయటికి లాగినట్టుంది.

ఈ చర్మం పరీక్ష ఎంత పనికొస్తుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. బెల్లంపల్లికి ఉత్తరంగా, ముప్పై కిలోమీటర్ల లోపే, ఆసిఫాబాద్ వైపు గంగాపూర్ ఉంది. ఆ ఊరి పేరుతోనే గంగాపూర్ ఫార్మేషన్ అని రాతి పొరలున్నాయి. అందులో దొరికే ఆకులు నాలుకలా ఉండవు. సన్న కాడకి రెండు వైపులా చిన్న చిన్న రెక్కలు, ఈకలాగా. వాటిలో టిలోఫిల్లమ్ అనే జీనస్ ఉంది. చూస్తే సైకస్ ఆకు తమ్ముడు అనిపిస్తుంది. కానీ చర్మం తీసి చూస్తే పత్రరంధ్రం పక్క కణాలు సైకస్‌లా పుట్టినవి కావు. అది బెన్నెట్టైటేల్స్ అనే, పూర్తిగా అంతరించిపోయిన వేరే కులం. ఇక్కడా పోలిక బోల్తా కొట్టించింది. బీర్బల్ సాహ్ని 1932లో, రాజమహల్ కొండల్లో దొరికిన టిలోఫిల్లమ్ ఆకుని, కాండాన్ని, పువ్వులాంటి భాగాన్ని కలిపి మొత్తం మొక్కని నిలబెట్టాడు. దానికి విలియంసోనియా సూవార్డియానా అని గురువు పేరు పెట్టాడు. ఆ గురువు ఎవరో కాదు, స్కాట్ రాళ్ళు చూసిన సూవార్డే. సాహ్ని పేరు మీదే లక్నోలో ఆ సంస్థ ఉంది. 1949 ఏప్రిల్ 3న నెహ్రూ దాని భవనానికి పునాదిరాయి వేస్తే, వారం తిరక్కుండానే, ఏప్రిల్ 10న సాహ్ని పోయాడు.

గంగాపూర్ ఆకుకీ బెల్లంపల్లి ఆకుకీ మధ్య దూరం బస్సులో గంట. కాలంలో పదమూడు, పద్నాలుగు కోట్ల ఏళ్ళు. మధ్యలో ప్రపంచంలో అతి పెద్ద వినాశనం ఒకటి జరిగింది, గ్లాసోప్టెరిస్ అడవులు దాంతోనే పోయాయి. తర్వాత మలేరి, కోట పొరల్లో రాక్షసబల్లులు తిరిగాయి (బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అక్కడిదే). ఈ లోయలో బొగ్గంతా గ్లాసోప్టెరిస్ కాలానిదే. కాబట్టి బొగ్గు వెతికేవాడికి ఈ ఆకుల పేర్లు ఉబుసుపోక కబుర్లు కావు. చేతిలోని రాయిలో గ్లాసోప్టెరిస్ ఉంటే సరైన వరసలో ఉన్నట్టు. టిలోఫిల్లమ్ ఉంటే, బొగ్గు ఉన్నా అది ఎక్కడో కింద, మధ్యలో ఎన్నో పొరల అవతల. బోరు ఎక్కడ వెయ్యాలి, ఎంత లోతు వెయ్యాలి అన్న డబ్బు లెక్క ఆ ఈనెల్లో ఉంది.

బతికున్న చెట్ల విషయంలోనూ పేర్లు అంత తేలిగ్గా లేవు. మా నిర్మల్ బొమ్మల పొనికి చెట్టుని గివోషియా రాట్లెరిఫార్మిస్ అనేవారు. లిన్నేయస్ అంతకుముందే ఆ చెట్టుకి క్రోటన్ కింద మొలుక్కానస్ అని పేరు పెట్టేసి ఉన్నాడు. మొదటి పేరుకే హక్కు కాబట్టి ఇప్పుడు గివోషియా మొలుక్కానా. మొలుక్కా దీవులు ఇండోనేషియాలో ఉన్నాయి. ఈ చెట్టు పెరిగేది ఇండియా, శ్రీలంకల్లో. చెట్టు కళ్ళ ముందుండి, కాయ చేతిలో ఉండి, ఊరు ఊరంతా దాని కర్రతో బతికినా పేరులో ఊరు తప్పు పడింది. ఇక ఇరవై ఏడు కోట్ల ఏళ్ళ ఆకు సంగతి చెప్పేదేముంది.

ఇప్పుడు బాధ కలిగించే విషయం. బొగ్గు తియ్యాలంటే దాని పైనున్న షేల్, ఇసుకరాయి తీసి పక్కన పొయ్యాలి. ఓపెన్ కాస్టుల్లో దాన్నే ఓబీ అంటారు, మంచిర్యాల, రామగుండం వైపు పోతే రోడ్డు పక్కన కనిపించే కొత్త గుట్టలు అవే. ఆకులున్నది ఆ షేల్‌లోనే. పేల్చాక అది ఏ సీమ్ పైదో, కిందదో చెప్పే దారి పోతుంది. అన్ని పొరలూ ఒకే కుప్పలో. షేల్ ఎండకి పగిలి వానకి నానితే రెండు మూడేళ్ళలో మట్టి. బొగ్గు తియ్యొద్దని నేననను, మా ఇళ్ళల్లో అన్నం దాంతోనే వచ్చింది. కానీ లారీ ఎక్కే ముందు ఆకున్న రాయి నాలుగు పక్కన పెట్టడానికి అయ్యే ఖర్చెంత? ఈ లోయ ఆకుల మీద పనిచేసేవాళ్ళు లక్నోలో ఉన్నారు, హైదరాబాద్‌లో ఉన్నారు, వాళ్ళకి కావలసింది రాయి ఒక్కటే కాదు.

మీలో చాలామందికి గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి, కొత్తగూడెంలో చుట్టాలుండే ఉంటారు. అలాంటి రాయి ఇంట్లో కనిపిస్తే కడగొద్దు, వార్నిష్ అసలే వెయ్యొద్దు, ఆ నల్ల పొర పోతే చర్మం పోయినట్టే. తెచ్చినాయన గుర్తున్నంత కాలంలోనే అడిగి, ఏ బాయి, ఏ సీమ్, బొగ్గుకి పైనా కిందా, ఏ సంవత్సరం అన్నది ఒక చీటీ మీద రాసి రాయి వెనక అంటించండి.